వ్యాగన్ మీద దిగిన విమానం

నూకయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. చేపల మార్కెట్లో పారేసిన థర్మోకోల్ పెట్టెలు ఏరుకొచ్చి రిమోటుతో ఎగిరే చిన్న విమానాలు చేసేవాడు. ఎంత కడిగినా నీచు వాసన పోయేది కాదు. రెక్కలు ఎండబెడితే తాముండే ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీ పిల్లులన్నీ వచ్చి చుట్టూ కూర్చునేవి. ఎవరూ నేర్పలేదు. ఫోన్లో వీడియోలు పెట్టుకుని, మాట అర్థం కాకపోయినా చేతుల వాటం చూసి పట్టుకున్నాడు. రెక్క ఎక్కడ అతికించాలో, ముక్కు ఎంత బరువుండాలో విరగ్గొట్టుకునే తెలుసుకున్నాడు.

భార్య అప్పలకొండ తమ్ముడు సాయికుమార్ టెక్కలి దగ్గర పల్లె నుంచి కొత్తగా వచ్చాడు. ఊళ్లోనే ఝపటాపూర్ పేటలో టిఫిన్ కొట్టులో పని, అక్క ఇంట్లో మకాం. సెలవు దొరికితే బావ వెంట రైల్వే యార్డు గోడ పక్క మైదానానికి పోయేవాడు. రిమోటు చేతికిస్తే ఇక పండగే.

ఆ వేసవిలో నూకయ్య పొడుగు రెక్కల విమానం ఒకటి చేశాడు. మోటారు ఆగినా గద్దలా తేలాలని ఆశ. బరువు తగ్గుతుందని చిన్న బ్యాటరీ పెట్టాడు. గాల్లో ఉండగానే అది అయిపోయింది. విమానం గాలివాటున గోడ దాటి, యార్డులో ఆగివున్న గూడ్సు వ్యాగన్ కప్పు మీద మెల్లగా దిగింది. ఒక్క గీత పడలేదు.

సాయికుమార్ గోడ దూకి పరుగెత్తాడు. పట్టాల పైనున్న కరెంటు తీగను ముట్టుకోనక్కర్లేదు, దగ్గరకెళ్తే చాలు, ప్రాణం తీస్తుంది. రైల్వే ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే. అతనికి తెలీదు. నూకయ్య గోడ దగ్గరికి వచ్చేసరికే అతను వ్యాగన్ పైకెక్కేశాడు. లేచి నిలబడ్డాడు. పెళ్లుమని మెరిసింది.

ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. వరండాలో అప్పలకొండ ఏడవలేదు. మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎక్కొద్దని అరిసినావా?"

"అరిసినాను."

"ఏటని?"

నూకయ్య తల దించుకున్నాడు. "రెక్క జాగర్తరా అన్నాను. తీగ సంగతి ఆ తర్వాత నోటికొచ్చినాది. అప్పటికే..."

"రెక్కే కనబడినాది నీకు."

కర్మలయ్యాక అప్పలకొండ ఊరి నుంచి తిరిగొచ్చి వండిపెట్టింది, క్యారేజీ కట్టింది. మాట మాత్రం లేదు. నూకయ్య విమానాల సామానంతా మంచం కిందికి తోసేశాడు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఆమె కుళాయి నుంచి నీళ్లు తెచ్చేసరికి, అతను గుమ్మంలో కూర్చుని థర్మోకోల్ కోస్తున్నాడు.

"మళ్లీనా?"

"సేతులు ఊరుకోటం లేదే. ఎగరెయ్యను, ఒట్టు."

"మా అమ్మకి ఏటి సెప్పమంటావు?"

అతని చేతిలో చాకు ఆగింది. తర్వాత చాకు మళ్లీ కదిలింది.

ఆమె పుట్టింటికి బట్టలు సర్దుకుంది. పలాస వైపు బండికి నూకయ్యే సంచి మోశాడు. ఆమె వద్దనలేదు, ఎప్పుడొస్తానో చెప్పనూలేదు. బండి కదిలాక అతను ఇంటికొచ్చి, సగంలో ఆపిన కోత పూర్తి చేశాడు.