మా పాపకు మందు పెట్టారనుకున్నాను

మా పాప నా చేతి ముద్ద తినడం మానేసింది. రెండేళ్ళు నిండని పిల్ల. అప్పటిదాకా దాన్ని చంకనేసుకుని డాబా మీద తిరుగుతూ, బీదర్ ఆకాశంలో పొద్దస్తమానం చక్కర్లు కొట్టే శిక్షణ విమానాలను చూపిస్తూ, నోరు తెరిచినప్పుడల్లా ఒక ముద్ద కుక్కేదాన్ని. మా వైపు పిల్లలు అలాగే పెరుగుతారు. మా అమ్మ నాకు ఐదో తరగతి దాకా తినిపించింది, అందులో తప్పుందని ఎవరూ అనలేదు. అలాంటిది ఒక్క వారంలో పాప మారిపోయింది. ముద్ద కనబడితే చాలు, మూతి బిగించి, తల తిప్పి, నా చేతిని తోసేసేది.

హైదరాబాద్‌లో రోజుకో అపార్ట్‌మెంట్ లేస్తున్న కాలం అది. మా ఆయన సెల్ టవర్లు నిలబెట్టే కంపెనీలో పనిచేసేవాడు. జహీరాబాద్ నుంచి మమ్మల్ని తెచ్చి బీదర్‌లో ఒక పై వాటాలో దించి, తను మాత్రం వారంలో నాలుగు రోజులు హైదరాబాద్‌లోనే ఉండేవాడు. అక్కడున్న మా తోడికోడలు ఫోన్ చేసినప్పుడల్లా తన కొడుకు ఎంత బరువు పెరిగాడో, ఎన్ని రైమ్స్ చెబుతున్నాడో వినిపించేది. మా పాప బరువు అడిగితే నేను ఇంత కలిపి చెప్పేదాన్ని.

కింద ఇంటివాళ్ళు ఉండేవారు. కన్నడం వాళ్ళు, చిమ్కోడ్‌లో పొలాలున్న కుటుంబం, మాతో మాత్రం తెలుగులోనే మాట్లాడేవారు. ఒక ముసలామె, ఇద్దరు కోడళ్ళు, నలుగురు పిల్లలు. పాప నిద్ర లేచిందంటే కిందికే పరుగు. మధ్యాహ్నం తీసుకురావడానికి వెళితే వాళ్ళ తలుపు వేసి ఉండేది. లోపలి నుంచి పిల్లల నవ్వులు వినబడేవి. కొడితే ముసలామె తలుపు ఓరగా తీసి, "పిల్లలు తింటున్నరు, జర ఆగి రా అమ్మా," అని మళ్ళీ వేసేసేది. నా పిల్లను నేను చూసుకోవడానికి ఈవిడ అనుమతి ఏమిటి? నాకు ఒళ్ళు మండిపోయింది. తలుపేసుకుని పెట్టేంత రహస్యం తిండిలో ఏముంటుంది?

ఇక అన్నీ గమనించడం మొదలుపెట్టాను. పాప పైకి రాగానే నోటి వాసన చూసేదాన్ని. గోళ్ళ సందుల్లో పచ్చగా పొడిలాంటిది కనబడితే కాగితంలోకి దులిపి దాచాను. పప్పు ఎండితే అలాగే ఉంటుందని అప్పుడు తట్టలేదు. ముసలామె పాపను చూసి నవ్వితే ఎందుకు నవ్విందా అని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదా అని ఆలోచించేదాన్ని. ఒకరోజు ఆమె డాబా మీదికి వచ్చి నా అవస్థ చూసి, "బిడ్డకు చేతులు లేవా ఏంది? నువ్వెందుకు తినిపిస్తవు?" అంది. నా పిల్లను నా నుంచి విడదీసే మాటలాగే వినబడింది నాకు.

అంతలో మా అమ్మ చూడ్డానికి వచ్చింది. పాప ఆమె పెట్టిన ముద్దనూ ఉమ్మేసింది. అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, గొంతు తగ్గించి, "నీ బిడ్డకు మందు పెట్టిన్రే," అంది. అంటే, మనిషిని తమవైపు తిప్పుకోవడానికి తిండిలో కలిపే మందు. నేను డిగ్రీ చదివినదాన్ని.

"ఏం మాటలమ్మా అవి?" అని కసిరాను. కసిరానే గానీ, ఆ అనుమానం నాలో ఎప్పుడో వచ్చి కూర్చుంది. అమ్మ దాన్ని పైకి అన్నది, అంతే.

"ఆయనకు తెలిస్తే ఊకోడు," అన్నాను చివరికి.

"చెప్తే గద తెలిసేది," అంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని మన్నళ్ళి దాటి ఒక పల్లెకు వెళ్ళాం. అక్కడ మందు కక్కించే మనిషి ఉన్నాడని అమ్మ ఎవరినో అడిగి తెలుసుకుంది. అతను ఏదో ఆకుపసరు గ్లాసులో పోసి, "తల్లి చేత్తోనే తాపియ్యాలె," అన్నాడు. పాప నా వైపు చూసింది. "జ్యూస్ బిడ్డా, తాగు," అన్నాను. నా మాట నమ్మి గటగటా తాగేసింది. ఆ తర్వాత కక్కుతూనే ఉంది. ఊపిరందక కళ్ళు తేలేస్తుంటే నేను దాని వీపు రాస్తూ ఏడ్చాను. ఆఖరికి పచ్చటి నీళ్ళు తప్ప ఏమీ రాలేదు. అతను ఆ నీళ్ళలో వేళ్ళు పెట్టి, వెంట్రుకలు చుట్టుకున్న నల్లటి ఉండ ఒకటి తీసి చూపించాడు. అమ్మ రెండు చేతులెత్తి దండం పెట్టింది. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. నేల తడిగా ఉంది, అతని వేళ్ళు తడిగా ఉన్నాయి, ఉండ మాత్రం పొడిగా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ దారి పొడుగునా ముసలామెను తిడుతూనే ఉంది. నేను పాపను అదుముకుని కూర్చున్నాను. ఆ మనిషి మోసం చేశాడన్న కోపం కూడా రాలేదు. మందే లేకపోతే, మరి పొద్దుటినుంచి నేను ఈ పిల్లను ఏం చేసినట్టు?

ఇంటికొచ్చాక కాసేపు పడుకుని లేచిన పాప, మెట్ల వైపు వేలు చూపించింది. ఎత్తుకుని కిందికి దిగాను. తలుపు వేసే ఉంది. ఈసారి కొట్టలేదు, తోసుకుని లోపలికి వెళ్ళాను. నేల మీద ఒక పెద్ద పళ్ళెం, చుట్టూ నలుగురు పిల్లలు. పళ్ళెంలో పప్పులో నానిన జొన్నరొట్టె. ఎవరూ ఎవరికీ తినిపించడం లేదు. ముసలామె గోడకు ఆనుకుని కొత్తిమీర తుంచుతోంది. పాప నా చంక దిగి, ఇద్దరు పిల్లల మధ్య జాగా చేసుకుని కూర్చుంది. తన ముందున్న ముక్క తీసుకుని సగం మొహానికి పూసుకుంది, సగం తినేసింది.

"తలుపెందుకేస్తరు?" అని అడిగాను.

"దిష్టి తగుల్తది గదమ్మా. నువ్వు దినాం డాబా మీద పెడ్తవు, ఊరంత చూస్తది. అందుకే పైన తింటలేదేమో అనుకున్న," అంది ముసలామె. తర్వాత పాపను పరీక్షగా చూసి, "మొహం గట్ల గుంజుకపోయిందేంది? జరమొచ్చిందా?" అని అడిగింది.

"అవును," అన్నాను.

ఆ తర్వాత పాప తిండికి ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. పళ్ళెం ముందు పెడితే తనే తినేది. కానీ నేను గ్లాసు అందిస్తే, పాలైనా నీళ్ళైనా, ముందు నా మొహంలోకి చూసేది, తర్వాత గ్లాసులోకి చూసేది. ముసలామె ఇస్తే ఏమీ చూడకుండా తాగేసేది. నేనిస్తే మాత్రం ముందు నేనొక గుక్క తాగి, మింగానని నోరు తెరిచి చూపించాలి. చాలా నెలలు అలాగే చూపించాను.