సీసాలోని ఎర్ర నాచు

కరీంనగర్‌లో నేను వృక్షశాస్త్రం చెప్పే కాలేజీకి సముద్రం ఎంత దూరమో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పరీక్షలో మాత్రం గ్రాసిలేరియా ఉండి తీరుతుంది. అది వెచ్చటి సముద్రాల్లో పెరిగే ఎర్ర నాచు. మా ల్యాబ్‌లో దానికి ఒకటే సీసా. నస్పూర్ నుంచి వచ్చి ఇదే కాలేజీలో డిగ్రీ చదివినప్పుడు నేనూ ఆ సీసానే చూసి, బొమ్మ గీసి, పూర్తి మార్కులు కొట్టేశాను. ఇప్పుడు దాన్నే చూపించి పిల్లలకు మహా గొప్పగా పాఠం చెబుతున్నాను.

మొన్న ప్రాక్టికల్ పరీక్షలకు ఆదిలాబాద్ నుంచి ఒక పెద్ద సారు పరీక్షకుడిగా వస్తున్నాడని తెలిసింది. ఆయన రావడానికి గంట ముందు మా అటెండర్ చాచా నన్ను పక్కకు పిలిచాడు. ఆ నెలాఖరుకే చాచా రిటైర్మెంట్.

“మేడం, జర పరేషాన్‌గున్నది. గా ఎర్ర నాచు ఉన్నది గదా, అసలు సీసా మీరు ఈడ సదువుకోక ముందే కడుగుతుంటే నా చేతులకెల్లి జారి పలిగింది. నౌకరి పోతదని ఎవలకు చెప్పలే. ఇప్పుడు అండ్ల ఉన్నది సేమియా.”

“సేమియానా!”

“బీట్‌రూట్ నీళ్లల్ల ఉడకవెట్టిన. ఏటా రంజాన్‌కు మారుస్తున్న. గా సారు పసిగట్టిండంటే నా పెన్షన్ ఆగుతది.”

ఒళ్లు మండింది. అంతలో నా మార్కుల మెమో గుర్తొచ్చింది. నేను పూర్తి మార్కులు కొట్టిందీ సేమియాకే.

సారు రానే వచ్చాడు. మిగతా సీసాలన్నీ వదిలేసి తిన్నగా దాని దగ్గరికే పోయాడు. ఒక పోగు తీసి, బ్లేడుతో సన్నగా కోసి, మైక్రోస్కోప్ కింద పెట్టాడు. చాచా గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

సారు చాలాసేపు చూసి తలెత్తాడు.

“కణాలు మంచిగ కనవడుతున్నయ్ మేడం. గిసొంటి తాజా నమూనా నేనేడ సూడలే. మా కాలేజీల గిది లేదు. బొమ్మ సూపెట్టే పాఠం చెప్తున్న. జర అంత ఇస్తరా?”

నిజం చెబితే చాచా పెన్షన్ పోతుంది. చెప్పకపోతే ఆదిలాబాద్ పిల్లల చదువు పోతుంది. నవ్వాలో ఏడవాలో తెలియక చాచా వైపు చూశాను. ఆయన అప్పటికే చిన్న సీసా ఒకటి కడిగి తుడుస్తున్నాడు.

“ఎండకు వెట్టకుండ్రి సార్, రంగు పోతది” అంటూ కొంచెం తీసి అందులో వేశాడు.

సారు నన్ను లేబుల్ రాసిమ్మన్నాడు. గుండ్రటి అక్షరాలతో ‘గ్రాసిలేరియా’ అని రాశాను. ధ్రువీకరణకు కింద సంతకం కూడా కావాలన్నాడు. పెట్టాను.