ఫైనల్ రోజున ఊడిన పన్ను

ఆ రోజు తెల్లవారినప్పటి నుంచీ నా కాళ్లు ఒకచోట నిలవలేదు. సాయంత్రం కబడ్డీ ఫైనల్. మొట్టమొదటిసారి మైకు నా చేతికి రాబోతోంది.

నూజివీడులో మాది హార్డ్‌వేర్ షాపు. మేకులు, పైపులు, రంగు డబ్బాలు, తాళాలు అమ్ముతాం. మామిడి కోతలు మొదలయ్యే ముందు, పనివాళ్లకు ఇంకా కాస్త తీరిక ఉండగానే, మా ఊళ్లో యేటా కబడ్డీ పోటీలు పెడతారు. కుర్రతనంలో నేనూ ఆడాను గానీ ఎవరూ గుర్తుపెట్టుకునేంతగా ఆడలేదు. నాకు ఆట మీద కంటే ఆట చెప్పడం మీద మోజు. యేటా మైకు దగ్గర కూర్చునే రిటైర్డ్ డ్రిల్లు మాస్టారి కుర్చీ వెనక నిలబడి, ఆయన చెప్పేదాన్నే నాలో నేను వేరే మాటల్లో చెప్పుకునేవాణ్ణి.

ఈసారి మాస్టారికి కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు దుమ్ములోకి వెళ్లొద్దన్నారు. ఆయన బదులు ఎవరిని కూర్చోబెట్టాలని కమిటీవాళ్లు అడిగితే, "నా వెనకాల నిలబడి గొణుగుతుంటాడే, ఆ మేకుల షాపాయన, ఆయన్ని పెట్టండి. ఆయన గొణిగిన మాటలు నేనే రెండు మూడుసార్లు వాడుకున్నాను," అన్నారట. ఈ కబురు విన్న రోజు నాకు అన్నం సహించలేదు, సంతోషంతో.

అప్పటి నుంచీ షాపులో ఒకటే సాధన. పైపుల మధ్య నిలబడి నాలో నేనే కూతలు పెట్టించి, పట్లు పట్టించి, పాయింట్లు ఇచ్చేవాణ్ణి. "ఏవండీ, ఆయన తలుపు బందులు అడిగితే బోనస్ పాయింట్ అంటారేంటి?" అని మా ఆవిడ కౌంటరు దగ్గర నుంచి అనేది. షాపు లెక్కంతా తనదే. నా పరధ్యానాన్ని ఆ నాలుగు రోజులూ ఓపిగ్గా భరించింది.

ఫైనల్ రోజు పొద్దున ఒక మామిడి వ్యాపారి చెక్కపెట్టెలకు మేకులు కావాలని వచ్చారు. తూచి, పొట్లం కట్టి, పురికొస చుట్టాను. కత్తెర చేతికి అందేంత దూరంలోనే ఉంది. అయినా అలవాటు కొద్దీ పురికొసను పళ్ల మధ్య పెట్టి లాగాను. టక్కున చప్పుడైంది. ఏదో నా పెదవిని రాసుకుంటూ వెళ్లి, ఎదురుగా మూత తీసి ఉన్న మేకుల డబ్బాలో పడింది. నాలుకతో తడుముకున్నాను. పై వరసలో ముందు పన్ను లేదు. దాని చోట గరుగ్గా చిన్న మొద్దు తగిలింది.

కొన్నేళ్ల క్రితం పైపుల కట్ట జారి మూతికి తగిలినప్పుడు ఆ పన్ను విరిగింది. మా ఊరి పళ్ల డాక్టరమ్మ రూట్ కెనాల్ చేసి, మిగిలిన ముక్క మీద క్యాప్ తొడిగింది. అచ్చం పన్నులాగే ఉండేది. రాను రాను అది తొడుగు అన్న సంగతే మర్చిపోయాను.

"ఏమైందండీ?" అన్నారు వ్యాపారి.

"ఏం లేదు సార్," అన్నాను. 'సార్' అనేసరికి నోట్లోంచి సన్నగా, పొడుగ్గా ఈల వచ్చింది. ఆయన ఎవరో పిలిచారనుకుని రోడ్డు వైపు తిరిగి చూశారు.

అప్పుడు సాయంత్రం చెప్పాల్సిన మాటలు గుర్తొచ్చాయి. బోనస్, స్కోరు, సెకండ్లు, సమం, సూపర్ ట్యాకిల్. కబడ్డీ చెప్పడానికి 'స' లేకుండా ఎలా కుదురుతుంది? ఊరంతా వినే మైకులో, మాటకో ఈల వేస్తూ కూర్చోవాలా?

మా ఆవిడ వచ్చి, "ఏదీ, నోరు తెరవండి," అంది. చూసింది. "ఎక్కడ పడింది?"

డబ్బా చూపించి, అందులో చెయ్యి పెట్టబోయాను. తను నా మణికట్టు పట్టుకుంది. "కెలక్కండి. అడుక్కి పోతుంది, మేకుల మధ్య నలిగి పగిలినా పగులుతుంది. అందులో ఇనుమేమైనా ఉందా?"

"లేదు. పింగాణీ లాంటిదని చెప్పింది డాక్టరమ్మ."

"అయితే ఇనుమంతా తీసేస్తే మిగిలేది అదేగా," అని లోపలికి వెళ్లింది. పాత లౌడ్‌స్పీకర్‌లోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం ఒకటి మా దగ్గర ఉంది. కింద మేకులు ఒలికిపోతే ఏరడానికి వాడతాం. దాన్ని తెచ్చి డబ్బా మీద పట్టుకుంది. మేకులు గుత్తులు గుత్తులుగా ఎగిరొచ్చి అంటుకున్నాయి. తను వాటిని తొట్టిలో దులుపుతోంది, మళ్లీ డబ్బా మీద పెడుతోంది. ఆ వ్యాపారి కూడా తన పని మర్చిపోయి, పంచె సర్దుకుని నేల మీద కూర్చుని డబ్బాలోకి తొంగి చూస్తున్నారు. ఒకసారి తెల్లగా కనిపించింది. ముగ్గురం ఒక్కసారే చేతులు పెట్టాం. సున్నం పెళ్ల. మళ్లీ మొదలుపెట్టింది. చివరికి అడుగున, తుప్పు పొడిలో, వెల్లకిలా పడి ఉంది నా పన్ను.

"దొరికిందండీ," అన్నారు వ్యాపారి, తన వస్తువే దొరికినంత ఆనందంగా.

ఈ సందడికి పక్కనే ఉన్న ఎరువుల షాపాయన వచ్చాడు. క్యాప్‌ను కాస్త ఎగాదిగా చూసి, "అన్నయ్యా, మందు నీ షాపులోనే ఉంది కదా," అని గమ్ములు తగిలించిన స్టాండు చూపించాడు. "ఒక్క చుక్క వేస్తే రాయికి రాయి అంటుకుంటుంది. పంటికి అంటుకోదా?"

అతనలా అనేసరికి నాకూ ఆశ పుట్టింది. ట్యూబు చేతిలోకి తీసుకున్నాను.

"డాక్టరమ్మకి ఫోన్ చేసేదాకా ఆ మూత తియ్యకండి," అంది మా ఆవిడ.

ఫోన్ ఎత్తగానే డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "అంకుల్, గమ్ము గానీ పెట్టారా?"

"లేదమ్మా."

"బతికించారు. పెట్టుంటే కింద ఉన్న పన్ను కూడా పాడయ్యేది. క్యాప్‌ని నీళ్లతో కడిగి చిన్న డబ్బాలో పెట్టుకోండి. మీ అంతట మీరు తొడుక్కోవద్దు, పొరపాటున మింగేస్తారు. కానీ అంకుల్, ఇవాళ నేను నూజివీడులో లేను. మైలవరం క్లినిక్‌లో ఉన్నాను. మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటా."

మైలవరం మరీ దూరమేం కాదు. కానీ సీజన్ ముందు, బేరాలు జోరుగా ఉన్నప్పుడు, పట్టపగలు షాపు మూయడం మా ఇంటా వంటా లేదు. నేను ఇంకా తటపటాయిస్తుండగానే మా ఆవిడ షట్టర్ సగం దించేసింది. "చూస్తారేంటి, బండి తియ్యండి. మీరు మైకులో మాట్లాడతారని మా పిన్నిగారి దగ్గర నుంచి పాలవాడి దాకా అందరికీ చెప్పాను. నా పరువేం కాను?"

నాకంటే తనకే హడావిడి ఎక్కువగా ఉందని అప్పుడు తెలిసింది.

కుంకుమ భరిణలో దూది పరిచి అందులో క్యాప్ పెట్టి, గుప్పిట్లో బిగించి పట్టుకుని నా వెనక కూర్చుంది. దారికి రెండు వైపులా తోటలే. పిందెలు కాయలై కొమ్మలు కిందికి దిగాయి. అక్కడక్కడా ట్రాక్టరు ట్యాంకులతో మందు కొడుతున్నారు. మామూలుగా అయితే ఏ తోటలో కాపు ఎలా ఉందో చూసుకుంటూ వెళ్లేవాణ్ణి. ఆ రోజు నాకు కబడ్డీ కోర్టు తప్ప ఏదీ కనిపించలేదు. హెల్మెట్ లోపల్నుంచే, "రైడర్ కుడివైపు నుంచి సర్రున దూసుకెళ్లి," అన్నాను. ఈల వచ్చింది. "సూపర్ ట్యాకిల్," అన్నాను. ఇంకా పెద్ద ఈల. వెనకాల మా ఆవిడ నవ్వాపుకోలేక నా భుజం మీద కొడుతోంది. "ఆపండి, భరిణ జారిపోతుంది," అంటూనే, "ఏదీ, స్కోరు సమం అనండి," అంది.

క్లినిక్‌లో బెంచీలు నిండిపోయి ఉన్నాయి. నా మొహం చూసి మా ఆవిడ ఊరుకోలేదు. అక్కడున్నవాళ్లందరికీ సంగతి చెప్పేసింది. సాయంత్రం నూజివీడులో ఫైనల్ అని, మైకులో చెప్పేది ఈయనేనని, పన్ను లేక మాట రావట్లేదని. దవడ వాచి, చెంపకు చెయ్యి ఆనించుకున్న ఒకాయన తలెత్తాడు.

"ఎవరెవరికండీ ఫైనలు?"

"మా మామిడి యార్డు హమాలీలకీ, జి. కొండూరు వాళ్లకీ," అన్నాను, ఈల రాకుండా జాగ్రత్తపడుతూ.

"మాది జి. కొండూరే. అయితే ఈయన్ని అసలు లోపలికి పంపకూడదు," అన్నాడు నొప్పితోనే నవ్వుతూ. చెంప మీద చెయ్యి తీసి, "తర్వాత నంబరు నాదే. మీరెళ్లండి. మావాళ్లు బాగా ఆడితే అదీ గట్టిగానే చెప్పాలి మరి," అన్నాడు.

తప్పకుండా చెబుతానని మాటిచ్చి లోపలికెళ్లాను.

డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి చూసింది. లోపలి ముక్క గట్టిగానే ఉంది, క్యాప్ పగల్లేదు, పాత సిమెంటు అరిగిపోయి పట్టు వదిలిందంతే అంది. క్యాప్‌లో మిగిలిన సిమెంటు గీకి, రెండు వైపులా శుభ్రం చేసి, తొడిగి చూసి, పళ్లు సరిగ్గా కలుస్తున్నాయో లేదో నీలం కాగితం కరిపించి, మళ్లీ తీసింది. "ఇవాళ్టికి తాత్కాలిక సిమెంటుతో పెడతానంకుల్. వచ్చే వారం నూజివీడు వచ్చినప్పుడు ఎక్స్‌రే తీసి గట్టిది పెడదాం." దూది కరిచి పెట్టుకుని కూర్చున్న ఆ కాసేపూ గోడ మీద గడియారం ముల్లు పరిగెడుతున్నట్టే అనిపించింది.

"ఇప్పుడు స అనండి."

"స," అన్నాను. ఈల రాలేదు. "సా. సి. సూపర్ ట్యాకిల్." నా గొంతు నాకే కొత్తగా, గుండ్రంగా వినిపించింది.

"పాయింటు మాకే," అని బయట బెంచీ మీద నుంచి ఆ వాచిన దవడాయన అరిచాడు. డాక్టరమ్మ చేతిలో పరికరం పక్కన పెట్టేసి మరీ నవ్వింది.

"ముందు పళ్లతో ఏదీ కొరక్కండి. జీళ్లు, చూయింగ్ గమ్ము వద్దు. పురికొస అయితే జన్మలో వద్దు."

"అరవచ్చా అమ్మా?"

"ఎంత కావాలంటే అంత అరవండి. నాలుకతో మాత్రం తొయ్యకండి."

నిజంగానే ఆమె మరుసటి వారం వచ్చి దాన్ని గట్టి సిమెంటుతో కూర్చోబెట్టింది. ఇప్పటికీ కదల్లేదు.

సాయంత్రానికి గ్రౌండు చుట్టూ జనం కిక్కిరిసిపోయారు. ట్రాక్టరు ట్రక్కుల మీద, గోడల మీద, ఎక్కడ చూసినా తలలే. మైకు ఆన్ చేశారు. నాలుగు రోజులు పైపులకు చెప్పిన మాటల్లో ఒక్కటీ గుర్తులేదు. అంతలో హమాలీల జట్టులో సన్నగా, పొడుగ్గా ఉండే అతను గీత తొక్కి కూతకెళ్లాడు. చూసింది చూసినట్టు చెప్పాను. తర్వాత ఏం చెప్పాలని ఆలోచించుకోలేదు. కళ్లు చూస్తున్నాయి, నోరు చెబుతోంది. జి. కొండూరు వాళ్లు మోకాళ్ల పట్టు పట్టినప్పుడు, మాటిచ్చినట్టే, మా హమాలీలు నా వైపు గుర్రుగా చూసేంత గట్టిగా మెచ్చుకున్నాను.

ఆట చివరికి స్కోరు సమం. ఒక్క కూత మిగిలింది. ఆ పొడుగాయనే వెళ్లాడు. అవతల నలుగురు ఉన్నారు. మూలనున్నవాడి చేతిని తాకి వెనుదిరిగేలోపు ఒకడు మడమ పట్టాడు, ఇంకొకడు నడుం పట్టాడు. మూలనున్నవాడూ మీద పడ్డాడు, ముగ్గురూ కలిసి నేలకేసి అదిమారు. కూత ఇంకా వినిపిస్తోంది. చెయ్యి మట్టిలో పాకుతోంది. నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో తెలియదు, కుర్చీ వెనక్కి పడిపోయింది. వేళ్లు గీతను తాకాయని నాకు కనిపించింది. కానీ అంపైర్ చెయ్యి ఎత్తందే నేను చెప్పకూడదు. గ్రౌండంతా నా వైపు చూస్తోంది, నేను అంపైర్‌ని చూస్తున్నాను. ఆయన చెయ్యి హమాలీల వైపు లేచింది.

"పట్టిన ముగ్గురూ ఔట్," అన్నాను. ఆ తర్వాత నేనేం చెప్పానో నాకే వినపడలేదు. జనం కోర్టులోకి దూకేశారు.

ఇంటికెళ్లి అన్నాలకు కూర్చున్నాం. మా ఆవిడ నాకు మెత్తగా పెరుగన్నం కలిపి పెట్టింది. తనకింకా ఆ ఉత్సాహం తగ్గలేదు. పిన్నిగారు ఫోన్ చేశారని, ఎరువుల షాపాయన ఈలలు వేశాడని చెబుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆగి, "ఏవండీ, ఆఖరి కూత నేను చూడనే లేదు. ముందున్న మగాళ్లంతా లేచి నిలబడ్డారు. మీ గొంతు వినిపిస్తోంది గానీ ఏం జరుగుతోందో కనపడితే ఒట్టు. ఏదీ, మళ్లీ చెప్పండి," అంది.

కంచం పక్కకు జరిపి, నేల మీద వేలితో గీత గీశాను. ఆ పొడుగాయన ఎక్కడ నిలబడ్డాడో, మూలన ఎవరున్నారో ముందు నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. తను కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకుని, నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి వింటోంది.