ఉత్తరేణి ఉప్పు

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా ఇంట్లో మగ్గం ఆడుతున్నంతసేపూ దాని చప్పుడు ఎవరికీ వినిపించేది కాదు. ఆగితేనే తలెత్తి చూసేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లప్పుడు అది మాటిమాటికీ ఆగడం మొదలైంది. మా నాయన మగ్గం గుంతలో కూర్చుని రెండు మూరలు నేసి, పైకి వచ్చి కాళ్లు చాపుకునేవాడు. ఆయన పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపటికి గానీ పూడేది కాదు. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు ఉండేది.

అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది మా మేనత్త. నాయనకు అక్క. భర్త పోయాక మా ఇంటికే వచ్చి, పడుగు దారాలకు గంజి పెట్టడం, మాకు వండి పెట్టడం తన పనులు చేసుకుంది. ముగ్గురం బస్సెక్కి ఆదోనిలో డాక్టరు దగ్గరికి వెళ్లాం. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, ఉప్పు పూర్తిగా మానాలని ఆయన చెప్పాడు. తానిచ్చిన మందు తప్ప బలానికనో నీరు తీయడానికనో ఏ పొడీ వాడవద్దని, వాడాలనిపిస్తే ముందు తెచ్చి చూపించమని కూడా చెప్పాడు. ఆ రెండో మాట మా ఇంటిదాకా రాలేదు. ఉప్పు మాట ఒక్కటే వచ్చింది.

ఉప్పు లేని జొన్న సంగటి నాయనకు గొంతు దిగేది కాదు. మొదట్లో నవ్వుతూనే అనేవాడు. "అక్కా, ఇది గంజి పెట్టని పడుగు మాదిరి ఉంది. యాడ పట్టుకున్నా తెగిపోతాంది."

"తిను రా. నోరు మూసుకొని తిను," అనేది అత్త. అని, గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకునేది. నాలుగు ముద్దలు తినేవాడు రెండుకు వచ్చాడు, తర్వాత ఒకటికి.

అప్పుడు అత్త ఒక ఉపాయం చేసింది. చేను గట్ల మీది ఉత్తరేణి మొక్కలు వేళ్లతో పెరికి తెచ్చి, ఎండబెట్టి కాల్చింది. ఆ బూడిదను నీళ్లలో కలిపి, తేరిన నీటిని గంజి కాచే సట్టిలోనే పోసి మరిగించింది. నీళ్లన్నీ ఇగిరాక అడుగున తెల్లని పొడి మిగిలింది. నాలుక మీద వేసుకుంటే కొంచెం ఉప్పగా, కొంచెం సవుడు మట్టి రుచిగా ఉంది. ఉత్తరేణి నీరు తీస్తుందని, ఒంటికి బలమని ఆమె పెద్దవాళ్ల దగ్గర విన్నది. "డాక్టరు వద్దనింది సముద్రం ఉప్పు. ఇది సెట్టుది. సెట్టు ఏం సేస్తాది?" అంది. మాకూ సబబుగానే తోచింది. ఆ రోజు నాయన మూడు ముద్దలు తిన్నాడు. అత్త ముఖం అంత వెలగడం నేను మళ్లీ చూడలేదు.

కొన్ని వారాలకు మళ్లీ ఆదోని వెళ్లాం. ఈసారి నాయన, నేను మాత్రమే. దారిలో తినడానికి అత్త సంగటి మూట కట్టి, ఆ పొడిని చిన్న గుడ్డలో ముడివేసి నా చేతికిచ్చింది. డాక్టరు నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"నేనిచ్చింది కాక ఇంకేమన్నా వాడతాండావా? పొడి, పసరు, లేహ్యం?"

"ఏం లేదు సామీ," అన్నాడు నాయన.

నాయన చెయ్యి నా భుజం మీద ఉంది. మెల్లగా నొక్కింది. ముడి నా గుప్పిట్లో ఉంది. చెయ్యి తెరిస్తే సరిపోయేది. నేను దాన్ని వెనక్కి పెట్టుకున్నాను.

బయటికి వచ్చాక నాయన అన్నాడు. "సెప్తే మీ అత్తను తిడతాడు పాపా. పాపం, నా కోసం పొగలో కూకొని సేసింది." తర్వాత బస్సులో మూట విప్పి, సంగటి మీద ఆ పొడి చల్లుకుని తిన్నాడు.

ఆదోని నుంచి వచ్చిన ఎనిమిదో రోజు పొద్దున, పేక దారం కండె ఉండే నాడె విసరబోతే చెయ్యి లేవడం లేదన్నాడు. కాళ్లు తనవి కానట్టున్నాయన్నాడు. గుంతలోంచి అత్తా నేనూ పైకి లాగాం. మధ్యాహ్నానికి మా నాయన లేడు.

పెళ్లయి కర్నూలు వెళ్లాక, అక్కడొక డాక్టరుకు ఇదంతా చెప్పాను. మొక్కల బూడిదలో ఒక రకం లవణం ఉంటుందని, మంచి మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేస్తాయని, చెడినవి పంపలేవని, అది రక్తంలో పేరుకుంటే కండలు సడలి గుండె ఆగవచ్చని చెప్పాడు. దాని వల్లే పోయాడని ఇప్పుడు చెప్పలేమని కూడా అన్నాడు. జబ్బే తీసుకుపోయి ఉండవచ్చు. నాకు ఎప్పటికీ తెలియదు.

అత్త ముసలితనంలో ఒక్కసారి అడిగింది. "నా ఉప్పు ఏమన్నా తప్పు సేసింటాదా పాపా?"

"లేదత్తా. నీ వల్లే మూడు ముద్దలన్నా తిన్నాడు," అన్నాను. ఆ అబద్ధానికి నేను బాధపడను. ఆదోనిలో మూసుకున్న గుప్పిటికే ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఇప్పుడు నా మూత్రపిండాలు కూడా బాగాలేవు. బలానికని నాకు ఎవరో ఒకరు ఏదో ఒకటి తెస్తూనే ఉంటారు. కోడలు ప్రోటీన్ పొడి డబ్బా తెచ్చింది. పక్కింటి అమ్మాయి మూలికల మాత్రలు ఇచ్చింది. ప్రేమతో తెచ్చినవే అన్నీ. నేను మూత తీయను. గుడ్డ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆయన అడగకముందే బల్ల మీద పేరుస్తాను. ఆయన ఒక్కొక్కటే తిప్పి చదువుతాడు. చాలావాటిని పక్కకు జరుపుతాడు, ఎప్పుడైనా ఒకటి ఉంచుతాడు. తెచ్చినవాళ్లను ఒక్క మాట కూడా అనడు.

ఆదోని డాక్టరు కూడా మా అత్తను ఏమీ అని ఉండేవాడు కాదేమో.