గవ్వల చెక్క కోసం బొలోన్యా

వీసా ఫారంలో "మీరు చేసే పని" అని ఒక గడి ఉంటుంది. సత్యవేణి అక్క ఫారంలో ఆ గడిలో "హౌస్‌వైఫ్" అని టైపు చేసి ఉంది. అది చూసిన రోజు వచ్చిన కోపం నాకు ఇంకా చల్లారలేదు. చల్లారితే రాయలేనేమోనని ఇప్పుడే కూర్చున్నాను. నాది ఏడో తరగతి దాటని చదువు. ఎక్కడైనా వాక్యం వంకరపోతే చదివేవాళ్లే సర్దుకోవాలి.

హౌస్‌వైఫ్ అన్న మాట చిన్నదని కాదు. నేనూ అదే. ముప్పై ఒక్క ఏళ్లు మా ఇంటాయన చలపతిరావు గారికి పొద్దున్నే డబ్బా కట్టి ఉప్పల్‌లో ల్యాబుకు పంపాను. నా గడిలో ఆ మాట రాస్తే నాకేం అభ్యంతరం లేదు. కానీ సత్యక్క గడిలో ఆ మాట అబద్ధం.

పందొమ్మిదేళ్లుగా ఆమె నాచారంలో కర్రీ పాయింట్ నడుపుతోంది. భర్త ఇక్కడి ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఆయన పోయేనాటికి కూతురు చంద్రిక మూడో తరగతి. తెనాలి నుంచి అన్నదమ్ములు వచ్చి, సామాను కట్టేయమన్నారు. ఆమె కట్టలేదు. ఒక షట్టరు గది అద్దెకు తీసుకుని నాలుగు గిన్నెలు పెట్టింది. ఇవాళ పదకొండు గిన్నెలు. పదకొండున్నరకల్లా పప్పు, పులుసు, రెండు వేపుళ్లు, గోంగూర, సాంబారు సిద్ధం. సాంబారు కవరులో పోసి, మూతి దగ్గర కాస్త గాలి ఉంచి, రబ్బరు బ్యాండు మూడు చుట్లు తిప్పి ఇస్తుంది. బండి గుంతలో పడి లేచినా చుక్క కారదు. తను మాత్రం మూడున్నరకి, గిన్నెల్లో అడుగున మిగిలింది కలుపుకొని నిలబడి తింటుంది. పెళ్లిళ్లకు పిలిచినవాళ్లు కూడా "సత్యవేణి గారూ, ఒకసారి వంటల దగ్గర చూడండి" అంటారే తప్ప, కూర్చోండి వడ్డిస్తామని ఎవరూ అనరు.

కిందటి భాద్రపదంలో మా ఇంటాయన కాలం చేశారు. ఇంట్లో గోడలు చూడలేక నేను పొద్దున్నే వెళ్లి ఆమె దగ్గర దొండకాయలు తరుగుతూ కూర్చోవడం మొదలుపెట్టాను. ఆమె నన్ను ఓదార్చలేదు. కత్తిపీట ఇచ్చింది.

ఓ మధ్యాహ్నం చంద్రిక ఫోన్లో ఏదో వీడియో నడుస్తోంది. ఆ అమ్మాయి మల్కాజిగిరిలో టీచరు, సెలవు రోజున తల్లి దగ్గరికి వస్తుంది. ఇటలీలో బొలోన్యా అనే ఊరు. ఒక ముసలావిడ పిండి చిన్న ముక్కలుగా కోసి, గీతలున్న చెక్క మీద పెట్టి పుల్లతో చుట్టి దొర్లిస్తోంది. సత్యక్క చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"ఒసేయ్ రాజేశ్వరీ, ఇటు చూడవే! ఇది మన గవ్వల చెక్కే!"

లోపలికి పోయి వాళ్లమ్మ ఇచ్చిన గవ్వల చెక్క తెచ్చి ఫోను పక్కన పెట్టింది. గీతలు అరిగిపోయి నున్నగా ఉంది గానీ, పోలిక అదే.

"అక్కా, ఆమె బెల్లం పాకం పట్టదు గంతే," అన్నాను నేను.

"ఆ చెక్క ఒకటి కొనుక్కోవాలి. ఆవిడ చేతులు దగ్గర్నుంచి చూడాలి. నాలుగు రోజులు ఎవరో వండుతుంటే నేను కూర్చుని తినాలి," అంది. అదీ ఆమె కోరిక. అంతకంటే ఏమీ లేదు.

ఆ రోజు నుంచి బడిపిల్లల నోటుబుక్కులో నాలుగు రోజులకు నాలుగు పేజీలు పెట్టింది. మొదటి రోజు పాత బజారు సందులన్నీ నడవడం. రెండో రోజు పిండి చేసే ఆడవాళ్ల దుకాణం. మూడో రోజు గుమ్మడికాయ కూరి మడిచే పూర్ణాల లాంటివి తినడం. నాలుగో రోజు చెక్కల దుకాణం. పందీ గొడ్డూ పొరపాటున నోట్లోకి రాకుండా, మాంసం లేకుండా ఇవ్వండి అని అడగడానికి "సెన్సా కార్నె" అనాలని చంద్రిక నేర్పింది. నోరు తిరగాలి కదా, వారం రోజులు దొండకాయ వేపుడు కట్టిన ప్రతి పొట్లం "సెన్సా కార్నె" అంటూనే చేతికిచ్చింది. కొనేవాళ్లు అది కొత్త మసాలా పేరనుకున్నారు.

నన్నూ రమ్మంది. నాకు పాస్‌పోర్టు లేదు, మనసూ లేదు.

ఇక మొదలయ్యాయి సలహాలు. చంద్రికే ముందు, "అమ్మా, ప్యాకేజీలో వెళ్లు. మన వంటవాళ్లు వెంట వస్తారు. రోజూ పప్పు, పెరుగు పెడతారు," అంది.

"అంత దూరం పోయి ఇంకొకళ్ల పప్పుచారు తినాలా? నా పప్పుచారుకేం వచ్చింది?"

తర్వాత ఆమె మరిది గంగాధరరావు. రైల్వేలో రిటైరై మల్కాజిగిరిలో ఉంటాడు. ఆదివారం వస్తే గుత్తివంకాయ తినకుండా పోడు. ఒక్కనాడూ ఊరికే తింటున్నానని అనుకోడు. కంచం ముందు కూర్చునే అన్నాడు.

"వదినా, ఈ వయసులో ఇటలీ ఏంటి? తిండి కోసం విమానం ఎక్కుతారా ఎవరైనా? కాశీకి వెళ్లు, పుణ్యమైనా వస్తుంది."

"కాశీకి పోతే ఇష్టమైన కూర ఒకటి అక్కడ వదిలేసి రావాలిగా గంగాధరం. వదిలింది మళ్లీ వండను. గుత్తివంకాయ వదిలేసి రమ్మంటావా?"

ఆయన తల కంచంలోకి వంచుకున్నాడు. ఇంకో రెండు వంకాయలు వడ్డించమన్నాడు కూడా.

ఆడది పుణ్యం కోసం అయితే ఎంత దూరమైనా పోవచ్చు. మొక్కు తీర్చడానికి పోవచ్చు, మనవడికి స్నానం పోయడానికి పోవచ్చు. తన నోటికి రుచిగా ఒక ముద్ద తినడానికి పోతానంటే మాత్రం అందరికీ గొంతులో అడ్డం పడుతుంది. ఎందుకో నాకు ఎవరైనా చెప్పాలి.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర, మొబైల్ షాపు పైన వీసా ఏజెంటు హృషికేశ్ ఆఫీసు. అతను కూడా సత్యక్క కూరలు తినేవాడే. "ఫికర్ జేయకు ఆంటీ, నేను చూసుకుంట," అన్నాడు. వారానికి కాగితాలు పంపి సంతకం పెట్టమన్నాడు. అన్నీ ఇంగ్లీషులో. దుకాణం ముందు పదిమంది నిలబడి ఉండగా చంద్రిక చదివి తెలుగులో చెప్పింది. సత్యవేణి హౌస్‌వైఫ్. కూతురి సంపాదన మీద ఆధారపడిన వితంతువు. కూతురి అనుమతితో ఇటలీలో చర్చిలు దర్శించుకోవడానికి తీర్థయాత్రకు వెళ్తోంది.

సత్యక్క వేళ్ల మధ్య రబ్బరు బ్యాండు రెండో చుట్టులో ఆగిపోయింది. పందొమ్మిదేళ్లలో మొదటిసారి ఆమె కట్టిన సాంబారు కారింది. పొయ్యి కట్టేసి, "ఆటో పిలువు," అంది. నిలబడ్డ పదిమందికీ కూర లేదు ఆ పూట.

ఆఫీసులో మమ్మల్ని చూసి కూడా హృషికేశ్ నవ్వుతూనే ఉన్నాడు. "ఆంటీ, గిట్ల రాస్తేనే నమ్ముతరు. పిండి చెక్క కొననీకి ఇటలీ పోతున్న అంటే ఎవడు నమ్ముతడు చెప్పు? నవ్వుతరు."

"నేను రోజూ పోయేది మా వీధి ఆంజనేయస్వామి గుడికి," అంది సత్యక్క. "దర్శనం వంక పెట్టి దొంగ కాగితం మీద సంతకం చేసి, రేపు ఆయన ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను?"

"దుకాణం అంటే మస్తు కాగితాలు అడుగుతరు ఆంటీ. హౌస్‌వైఫ్ అంటే అల్కగ పనైతది."

నేను మాట తక్కువ మనిషిని. మా ఇంటాయన పోయాక ఇంకా తక్కువ. ఆ రోజు ఎలా వచ్చిందో తెలియదు, గట్టిగానే వచ్చింది.

"ఏంది బిడ్డా నీకు అల్కగయ్యేది? మొన్న నువ్వు తిన్న గోంగూర ఎవరు జేసిన్రు? కూతురి మీద బతుకుతదని రాసినవ్. గా కూతుర్ని ఎవరు బతికిచ్చిన్రు? గదెందుకు రాయలే?"

పక్క కుర్చీల్లో ఉన్నవాళ్లు ఫోన్లు దించి చూశారు. హృషికేశ్ నవ్వు ఆపాడు. "రిజెక్టయితే నన్ను అనొద్దు మరి," అన్నాడు.

"అవనీ. ఉన్నది రాసి కాదంటే ఇంటికి వచ్చి వంట చేసుకుంటా," అంది సత్యక్క. కాగితాలు లాక్కుని మెట్లు దిగింది.

కొత్త ఉత్తరం మా ముగ్గురం కలిసి చేశాం. ఆమె ఉల్లిపాయలు వేయిస్తూ చెప్పింది, నేను గీతల కాగితం మీద తెలుగులో రాశాను, చంద్రిక ఇంగ్లీషు చేసింది. నా పని వంట, దుకాణం నాదే, నన్ను ఎవరూ పోషించడం లేదు, రోజుకు నూట యాభై మంది నా కూర తింటారు, నేను వెనక్కి రాకపోతే వాళ్లు ఊరుకోరు అని రాయించింది. బొలోన్యాలో నాలుగు రోజులు తింటాను, ఒక చెక్క కొంటాను, తిరిగి వస్తాను అంది. వాళ్లమ్మ చెక్క ఫొటో, దుకాణం లైసెన్సు జత చేశాం. వేలిముద్రలు తనే వెళ్లి ఇచ్చి వచ్చింది.

ఇరవై రెండు రోజులు. "ఇటలీలో ఇంకా దిగలేదా ఆంటీ?" అని పొట్లాలు పట్టుకుని ఎగతాళి చేసినవాళ్లందరి మొహాలూ నాకు గుర్తున్నాయి. పాస్‌పోర్టు కొరియరు సరిగ్గా పన్నెండున్నరకి, మంచి రద్దీలో వచ్చింది. ఆమె దాన్ని గిన్నెల వెనక పెట్టి పొట్లాలు కడుతూనే ఉంది. నాకు ప్రాణం పోతోంది. "జర ఇప్పరాదక్కా!" అంటే వినదు. మూడున్నరకి చేతులు కడుక్కుని, తుడుచుకుని, విప్పింది. వీసా అంటించి ఉంది.

ఆమె స్టూలు మీద కూర్చుంది. దుకాణంలో ఆమె కూర్చోవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

సాయంత్రానికి గంగాధరరావు ఫోను. "వదినా, మా అమ్మాయి స్నిగ్ధకు అక్కడి లెదర్ బ్యాగు ఒకటి..." ఆ తర్వాత పక్కింటివాళ్లకు సెంట్లు, ఎదురింటివాళ్లకు చాక్లెట్లు, హృషికేశ్‌కు బెల్టు. కాశీకి పొమ్మన్న నోళ్లే! నాలుగు పేజీల నోటుబుక్కులో అయిదో పేజీ నిండిపోయింది. నేను ఆ పేజీ చించి పొయ్యి వెలిగించాను. సత్యక్క చూసి కూడా ఊరుకుంది.

"నీకేం తేవాలో చెప్పలేదేం?" అంది.

నాకేం వద్దన్నాను. ఆమె వాళ్లమ్మ చెక్కను గుడ్డతో తుడుస్తూ ఉండిపోయింది. మా ఇంటాయనకు గవ్వలంటే ప్రాణమని ఆమెకు తెలుసు. ఆయన పోయినప్పటి నుంచి మా ఇంట్లో పాకం పట్టలేదనీ తెలుసు. ఏడాది తిరిగేదాకా పట్టకూడదు.

"నేను వచ్చేసరికి నీ ఏడాది అవుతుందిగా," అంది. "రెండు చెక్కలు తెస్తా."

దుకాణం షట్టరు మీద అంటించే కాగితం నా చేతే రాయించింది. *అక్టోబరు ఆరు నుంచి పన్నెండు దాకా కూరలు లేవు. తినడానికి వెళ్తున్నాను. సత్యవేణి, వంట.*