మీసాల సారు స్కోరు, ఎండు మిరపకాయలు

ఆ రోజుల్లో చదువుంటేనే ఉద్యోగం వస్తుందని అందరూ అనేవాళ్ళు. నాకు మాత్రం చదువు మానేశాకే వచ్చింది. (తొమ్మిదో తరగతి నన్ను రెండేళ్ళు భరించి వదిలేసింది.) తెలంగాణ వచ్చిన కొత్తల్లో చిట్యాల దాటాక హైవే పక్కన ఒక గోల్ఫ్ మైదానం వెలిసింది. రోజూ గడ్డికి నీళ్ళు పెట్టి, ఒక్క గొర్రెను కూడా రానివ్వని జాగా! గొర్లకాపరుల ఇంట్లో పుట్టిన నాకు అంతకంటే పెద్ద పాపం కనిపించలేదు. అక్కడ నా పని, ఆట అయిపోగానే సార్ల చీటీలు తీసుకుని స్కోర్లు కంప్యూటర్లో ఎక్కించడం. ఎంత తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత మంచి ఆట. ఆ స్కోర్లను బట్టే హ్యాండికాప్ తేలుతుంది. అంటే, ఆట అంతంతమాత్రంగా ఉన్నవాడికి పోటీలో కొన్ని దెబ్బలు మాఫీ అన్నమాట. "మంచిదైనా చెడ్డదైనా, ఏ రోజుది ఆ రోజే ఎక్కియ్యాలె," అని సెక్రటరీ మేడం మొదటిరోజే చెప్పింది.

అందరిలో నాకు మీసాల సారంటే ప్రాణం. రిటైరైన ఇంజనీరు. "తిన్నవా బిడ్డా?" అని అడిగేది ఆయనొక్కడే. ఎప్పుడూ నూటపది, నూటఇరవై కొట్టే సారు ఒకరోజు తొంభైలో ముగించి, చీటీ ఊపుకుంటూ కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. నా గుండె జారిపోయింది. మా ఇంట్లో గొర్రె రెండు పిల్లల్ని ఈనినా అవ్వ బయటికి చెప్పేది కాదు. "నరుని కంటికి నల్లరాయి పగుల్తది," అనేది. అందుకే సారు చీటీని ఎండు మిరపకాయలతో కలిపి గుడ్డలో మూటగట్టి దాచేశాను. నూటఇరవై కొట్టిన రోజు మాత్రం ఆయన బూట్లు విప్పేలోపే ఎక్కించేవాణ్ణి. సారు బాగా ఆడిన ప్రతిసారీ చీటీ మూటలోకే, ఇలా మూడు నెలలు. (సారుకు కంప్యూటర్ తెరిచి చూసుకునే అలవాటు లేదు.)

ఆ ఏడాది పోటీలో మీసాల సారు ఎంత తేడాతో గెలిచాడంటే, రెండోవాడి పేరు చాయ్ తాగొచ్చి చదివారు.

"మోసం! మంచియన్ని దాచి ఉత్తయే ఎక్కిచ్చిండు!" అని ఎప్పుడూ ఎర్రటోపీతో తిరిగే ఇంకో సారు లేచాడు. నిజమని తేలితే సభ్యత్వం తీసేస్తామంది మేడం. సారు మీసాలు వాలిపోయాయి. "ప్రతి చీటీ ఇచ్చిన మేడం. మా పిలగాన్ని అడుగున్రి," అన్నాడు.

మూట తెచ్చి క్లబ్బు కమిటీ ముందు బల్ల మీద విప్పాను. ముందు మిరపకాయలు, తర్వాత పదకొండు చీటీలు. కమిటీ మొత్తం తుమ్మింది.

"గిదేంది?" అంది మేడం.

"దిష్టి తగులకుండ దాచిన మేడం. సారు అందరికి చెప్పుకుంట తిరుగుతాండు, నాకు భయమైంది."

"మరి నూటఇరవైలు ఎందుకు దాచలే?"

"అవి ఎవలు చూసినా ఏంగాదు."

ఎర్రటోపీ సారు గొంతు తగ్గించి, "నాయి గిట్ల ఎన్నడన్న దాచినవా?" అన్నాడు.

"దాచేటట్టు మీరెన్నడు ఆడలే సార్."

మేడం నవ్వాపుకుంటూ పక్కనే నిలబడి, పదకొండూ నాతో అక్కడికక్కడే ఎక్కించింది. హ్యాండికాప్ సర్రున దిగింది. కొత్త లెక్కలో సారు ఏడోవాడు. కప్పు తనే తీసుకెళ్ళి రెండోవాడి చేతిలో పెట్టాడు. బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యి వేశాడు. "కప్పు పోతే పోయింది, పేరు నిలవడ్డది. నేను తొంభై కొట్టిన్నంటే మా ఇంట్ల ఒక్కలు తలెత్తి చూడలే బిడ్డా. నువ్వొక్కనివే గింత ఫికర్ చేసినవ్."

ఇప్పుడు ఎవరి స్కోరు వాళ్ళే ఫోన్లో ఎక్కించుకుంటారు. నేను అదే ఆఫీసులో కూర్చుని సరిచూస్తాను. ఎవరు ఎంత బాగా ఆడినా నా గుండె జారదు. దాన్నే అనుభవం అంటారట. మిరపకాయలు మూటగట్టిన అప్పటి ఆ తిక్కలోడి కంటే నాకు జీతం ఎక్కువే గానీ, వాడికున్నంత పని మాత్రం లేదు.