కాదన్నవాళ్ల కుర్చీ

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంటు పార్కింగులో మీటింగు. ఈ ఏడు అధ్యక్షురాలిని నేనే. గేటు పక్కనున్న సిమెంటు బెంచీని తీయించేయాలన్నది నా తీర్మానం. పొద్దున్నే హజీరా ఫ్యాక్టరీలకు పోయే కంపెనీ బస్సుల కోసం కాచుకునేవాళ్లు అక్కడ కూర్చుని గోడంతా గుట్కా ఉమ్ముతున్నారు. చూసి చూసి నా ఓపిక నశించింది. అందరూ తలలూపారు. చేతులెత్తించేసి ఇంటికి పోయి కుక్కరు పెట్టుకోవచ్చనుకుంటుండగా, మూడో అంతస్తులో అద్దెకుంటున్న తెలుగు కుర్రాడు లేచి, "నేను ఒప్పుకోనండీ" అన్నాడు. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. వెనక నుంచి ఎవరో "బేసీ జా, భాయ్" అని గుజరాతీలో అతన్ని కూర్చోబెట్టబోయారు. అబ్బాయి కూర్చోలేదు గానీ మోకాళ్లు వణుకుతున్నాయి. ఆ వణుకు చూసేసరికి నాకు మా మేనమామ గుర్తొచ్చాడు.

మామ ఈ ఊళ్లోనే నవాగామ్‌లో ఉంటూ మరమగ్గాలు నడిపేవాడు. మా వాళ్లు వాటిని సాంచాలంటారు. చదివింది ఐదో తరగతి, చేసిన పదవి మా గల్లీ తెలుగు సంఘానికి ప్రెసిడెంటు. అయినా నా దృష్టిలో ఆయనంతటి రాజనీతిజ్ఞుడు ఇంకొకడు లేడు. సంఘానికి ఒకే గది, ఆ గదిలో ఒకే కర్ర కుర్చీ. కొత్తవాళ్లు అది ప్రెసిడెంటుదనుకునేవారు. మామ మాత్రం అందరితోపాటు చాప మీదే. ఏ తీర్మానాన్నైనా కాదన్నవాళ్లు వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి, వాళ్లు చెప్పడం అయ్యేదాకా ఎవరూ నోరెత్తకూడదు. ఎందుకని అడిగితే, "అవునన్నోనికి పక్కన పదిమంది ఉంటరు. కాదన్నోడు ఒక్కడే. ఆని కాళ్లు వణుకుతయ్. జర కూసోనియ్యిరి" అనేవాడు. నడుం నొప్పి ఉన్న ఒకాయన ప్రతి తీర్మానాన్నీ కాదనేవాడు. మామ ఆయన్నీ చివరిదాకా వినేవాడు.

ఒకసారి తీర్మానం మామదే. పగలంతా ఆ గదిలో పేకాట మొదలైందని, గదికి తాళం వేద్దామన్నాడు. ఎవరూ కాదనలేదు. అంతలో చాయ్ తెచ్చిన మామ భార్య, మా అత్తమ్మ, కెటిల్ కింద పెట్టి కొంగు దోపుకుని తిన్నగా పోయి కుర్చీలో కూర్చుంది. "ప్రెసిడెంటు సాబ్, పత్తాలాడెటోళ్లు నలుగురు. రాత్రి డ్యూటీ దిగి అచ్చెటోళ్లు ఎందరు? కిరాయి ఖోలీల ఆళ్ల జాగల ఇంకొకడు పండుకొని ఉంటే గీళ్లు యాడ నడుం వాల్చాలె? నలుగురి కోసం అందరికి తాళమేస్తరా?" అంది. మామ చెవులు ఎర్రబడ్డాయి. అయినా చేతులెత్తమన్నాడు. అత్తమ్మ గెలిచింది. ఆ రోజు మామ అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక అత్తమ్మతో, "మంచిగ చెప్పినవ్" అన్నాడు. పదహారేళ్ల నాకు మామ ఓడిపోయాడని ఏడుపొచ్చింది. అత్తమ్మ మీద రెండు రోజులు అలిగాను కూడా.

మా పార్కింగులోనూ ఒకే కుర్చీ మంచిది, మిగతావన్నీ స్టూళ్లు. లేచాను. కుర్రాణ్ణి చెయ్యి పట్టుకుని దాంట్లో కూర్చోబెట్టి, నేను కింద చతికిలబడ్డాను. మోకాళ్లు పటుక్కున చప్పుడు చేశాయి. అబ్బాయి నెమ్మదిగా చెప్పాడు. ఉమ్మేవాళ్లు ఇద్దరో ముగ్గురో, వాళ్లకు తనే చెబుతాడట. మన మెట్లు ఊడ్చే ఆవిడ పొద్దున రొట్టె తినేది ఆ బెంచీ మీదేనట. ఆరేళ్లుగా ఆవిడ నా గుమ్మం ముందు ఊడుస్తోంది, ఎక్కడ తింటుందో నేనెప్పుడూ అడగలేదు. సిగ్గేసింది. చేతులెత్తమన్నాను. బెంచీ నిలిచింది, నా తీర్మానం పోయింది, కుక్కరు ఆలస్యమైంది. చిత్రం, ఇంటికి పోతుంటే హాయిగా ఉంది. మామ ఆ రోజు ఓడిపోలేదని తెలియడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది, ఒకసారి కింద కూర్చోవాల్సి వచ్చింది.